తడికల దారి

కొత్తకొఠారు, కావలి తాలూకా
1965 జనవరి నెలాఖరు

ప్రియమైన చెల్లెలు కరుణాకుమారికి,

అక్క ఎలిశబెతు దీవెనలు. మీ బావ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి పంపించేశారు. తలమీద గాయం మానింది, వెంట్రుకలు మొలుస్తున్నాయి. కొఠారులో ఉప్పు తూచే మూడుకాళ్ల కొయ్య విరిగి, త్రాసు దండె నెత్తిన పడిందంటే ఇప్పుడెవరూ నమ్మరు, అంత నున్నగా మానింది. మనిషే తిరిగి రాలేదు. పిలిస్తే చూస్తాడు. నా పేరు అనడు. ఏదైనా అడిగితే ఒకమాట, అదీ చాలాసేపు వెతుక్కుని. అన్నిటికంటే కష్టం దారి. పెరట్లోకి వెళ్లినవాడు ఇంట్లోకి రాలేడు. తాను కట్టించిన ఇంటి గోడనే పట్టుకుని, ఇది ఎవరిదా అన్నట్టు నిలబడిపోతాడు.

మొన్న నేను బియ్యం ఏరుతుండగా వాకిలి దాటాడు. పక్కనుండే చేపల మస్తానమ్మ చూసి చెయ్యిపట్టి తీసుకొచ్చింది. ఉప్పుమళ్లు దాటి సముద్రం వైపు పోతున్నాడట. "ఏందమ్మా, ఆయన్నట్టా వొదిలేసినావు? అత్తగారింటికి పోయినట్టు అలల్లోకి పోతుండాడు" అంది.

ఇది విని, వెంకటాచలంలో హెడ్మాస్టరుగా ఉన్న దావీదు బావగారు వచ్చారు. నీకు తెలుసుగా, తమ్ముడంటే ఆయనకు ప్రాణం. "అమ్మా, నువ్వొక్కదానివి. పిల్లలు కూడా లేరు. ఏదో ఒకరోజు సముద్రం తీసుకుపోతుంది. మద్రాసు పిచ్చాసుపత్రిలో చేర్పిద్దాం, తలుపుకు తాళమైనా ఉంటుంది" అన్నారు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చివరికి ఒక మాట ఇచ్చారు. వేసవి సెలవులకు మళ్లీ వస్తారు. అప్పటికి మీ బావ గుడి నుంచి ఇంటికి తనంతట తాను రాగలిగితే ఇక్కడే ఉండనిస్తారు. లేకపోతే తీసుకువెళ్తారు.

కరుణా, నువ్వు మీ కాలేజీలో ఎలుకల తలమీద బరువులు వేసి అవి ఏమవుతాయో చూస్తావని అమ్మ చెప్పినరోజు, "ఇదేం చదువు" అని నీ చేత్తో కాఫీ కూడా తాగలేదు నేను. మనసులో పెట్టుకోకు. ఇక్కడి డాక్టరుగారు "చూద్దాం" అంటారు, అంతే. దెబ్బ తగిలిన మీ ఎలుకలు మళ్లీ దారి నేర్చుకుంటాయా? ఎలా నేర్పుతారు? ఒక్కటీ వదలకుండా రాయి. అలాగే చేస్తాను.

నీ అక్క
ఎలిశబెతు

*

మద్రాసు
ఫిబ్రవరి రెండోవారం

అక్కకు కరుణ వందనాలు.

కాఫీ సంగతి మరిచిపోలేదు గానీ కోపం లేదు. ఎలుకల వాసన చేతులకు పట్టుకుంటుంది, నేనైనా తాగను.

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముందు ఈథరు పట్టి ఎలుకను నిద్రపుచ్చుతాం. నెత్తిమీద బొచ్చు గొరిగి, తల కదలకుండా బిగించి, నిలువుగా పెట్టిన గొట్టంలోంచి ఒక ఇత్తడి గుండును జారవిడుస్తాం. గుండు బరువూ, జారే ఎత్తూ ఎప్పుడూ ఒకటే. బయట ఏ ఇద్దరి తల దెబ్బా ఒకేలా ఉండదు, డాక్టర్లకు అదే చిక్కు. మా గదిలో అన్ని దెబ్బలూ ఒకేలా ఉంటాయి. అందువల్ల ఒకదానితో ఒకటి పోల్చి చూడగలం.

మెలకువ వచ్చాక వెల్లకిలా పడుకోబెడితే ఎప్పటికి బోర్లా తిరుగుతుందో చూస్తాం. సన్నటి కర్రమీద నడిపిస్తాం. కొంత కోలుకున్నాక దారి పరీక్ష. చెక్కపెట్టెలో అడ్డగోడలుంటాయి. కొన్ని సందులు మూసుకుపోతాయి, ఒక్కటి మాత్రం చివరిదాకా పోతుంది. అక్కడ తిండి పెడతాం. ముందు నుంచీ ఆకలిమీద ఉంచుతాం, లేకపోతే కదలవు, మూలన కూర్చుని మీసాలు దువ్వుకుంటాయి. మొదట్లో గోడలకు గుద్దుకుంటాయి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట వదిలితే, దెబ్బ తిన్నవాటిలోనూ చాలామట్టుకు నేర్చుకుంటాయి. ఇది నేను కళ్లారా చూసిందే.

బావ ఎలుక కాదు. మనిషి మెదడు గురించి మాకు తెలిసింది బహు తక్కువ. అయినా ఆశ వదులుకోవద్దు.

నీ చెల్లెలు
కరుణ

*

కొత్తకొఠారు
మార్చి, లెంతు రెండోవారం

ప్రియమైన కరుణకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. తల దెబ్బ గురించి రాసింది ఒకవైపు, దారి గురించి రాసింది ఒకవైపు విడదీసుకుని, రెండోది పట్టుకున్నాను.

తడికలు కట్టే మాలకొండయ్య చేత పెరట్లో గుంజలు పాతించి తాటాకు తడికలు కట్టించాను. పెరటి గేటు దగ్గర మొదలై వంటింటి గడప దగ్గర ముగుస్తుంది. మధ్యలో కుడివైపు తిరగాలి, బావి దగ్గర ఎడమవైపు, మునగచెట్టు దగ్గర మళ్లీ కుడివైపు. రెండు సందులు మూసేశాను. మస్తానమ్మ తొంగిచూసి, "ఏందమ్మా, కోళ్లఫారం పెడుతుండావా?" అంది. "అవును, ఒక్క పుంజే" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వి ఎన్నాళ్లయిందో.

మొదట్లో మీ బావ తడికకు ముఖం ఆనించి నిలబడేవాడు. ఇప్పుడు బావిదాకా తడబడకుండా వస్తున్నాడు. నిన్న గడపదాకా వచ్చి నన్ను చూశాడు. పని చేసొచ్చిన మనిషి చూసినట్టు చూశాడు, కరుణా. నాకు ఏడుపొచ్చింది.

ఉపవాసం మన ఇంటికి కొత్త కాదు. నాన్నకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పస్తులుండి ప్రార్థన చేసిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నీ ఉత్తరం సరిగ్గా లెంతు ఉపవాస దినాలకు ముందు రావడం ప్రభువు చిత్తమనిపించింది. ఆయన చెప్పిందీ మీ కాలేజీ చెప్పిందీ ఒకటే అయింది. అందువల్ల ఏ సందేహం లేకుండా సాగిస్తున్నాను. చొక్కాలు వదులవుతుంటే భుజాల దగ్గర కుట్టి బిగించాను.

ఒకటి అడగడం మరిచాను. దారి నేర్చుకున్న ఎలుకలు ఆ తరవాత ఎలా ఉంటాయి? ముసలివయ్యేదాకా ఆ తెలివి నిలుస్తుందా?

నీ అక్క
ఎలిశబెతు

*

మద్రాసు
మార్చి నెలాఖరు

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం మా ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "మీ అక్క ఏం చదువుకుంది?" అన్నారు. "మిషను బడిలో ఎనిమిది" అంటే, "మన వాళ్లకంటే పద్ధతిగా చేస్తోంది" అన్నారు. నేను రోజంతా గాలిలో తేలాను.

ఇక ముందు ఇలా చెయ్యి. వేళ మార్చకు. తడబడుతున్నాడని చెయ్యి ఇవ్వకు. మేము పెట్టెలో చెయ్యి పెట్టం, పెడితే ఎలుక చేతికోసం చూస్తుంది గానీ దారి చూడదు. పెరటి దారి పూర్తిగా వచ్చాక వీధి మలుపు నుంచి మొదలుపెట్టు, ఆ తరవాత గుడి నుంచి. దావీదుగారు వచ్చేసరికి నిలబడి చూస్తారు, ఆయన మొహం చూడాలని నాకూ ఉంది.

ఒంట్లో సత్తువ చూసుకుని ఉపవాసాలుండు. నువ్వు పడిపోతే బావకు దిక్కులేదు.

నువ్వడిగిన మిగతా సంగతి తీరిగ్గా రాస్తాను.

నీ చెల్లెలు
కరుణ

*

కొత్తకొఠారు
ఈస్టరు తరవాత బుధవారం

కరుణా,

నేను ఎక్కడ తప్పాను? నువ్వు రాసినవన్నీ ముందు పెట్టుకుని చూస్తున్నాను, కనబడటం లేదు.

తిండి దారి చివరే పెట్టాను. దారి తప్పితే ఆ పూటకు పెట్టలేదు. తప్పినప్పుడు చెయ్యి ఇవ్వలేదు. ఒకరోజు మూసిన సందులో కూర్చుని ఏడ్చాడు. నేను తడిక ఇవతల నిలబడ్డాను. ఒక్కమాట అంటే వచ్చేవాడు. అనలేదు. ఆయన తినని పూట నేనూ తినలేదు, ఆ సంగతి ప్రభువుకు తెలుసు. మంచి శుక్రవారం నాడు ఇద్దరం ఏమీ ముట్టలేదు. శనివారం బావి దగ్గరే ఆగిపోయాడు, ఆ రోజూ లేదు.

ఈస్టరు ఉదయం నేను గుడికి వెళ్లి వచ్చేలోగా గేటు గడియ తీసుకున్నాడు. నేరుగా మస్తానమ్మ గుడిసెకు వెళ్లాడు. పొయ్యిమీద చేపల పులుసు ఉడుకుతోంది. అందులో చెయ్యి పెట్టాడు. ఆమె లాగితే ఆమెను తోశాడు. చెయ్యి మణికట్టుదాకా బొబ్బలెక్కింది, అయినా ఆ చేత్తోనే తింటున్నాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో ఊరంతా ఉంది.

మస్తానమ్మ ఆయన చొక్కా పైకెత్తి అందరికీ చూపించింది. "చూడండయ్యా, ఎముకలు బయటికొచ్చినాయి. ఏమ్మా, మీ దేవుడు లేచినరోజు కూడా మొగుడికి కూడు పెట్టవా? నేను కోళ్లఫారమన్నా. కోళ్లకైనా నూకలేస్తారే!" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆమె అంతగా చెప్పినా ఆకలికి చేశాడని మిగతావాళ్లు నమ్మలేదు, పిచ్చి ముదిరిందంటున్నారు. పాస్టరుగారు బావగారికి ఉత్తరం రాశారు. సెలవులు ఇచ్చిన మరునాడే వస్తారట. నువ్వు ఆకలిమీద ఉంచితేనే నేర్చుకుంటాయని రాశావు. మా పెరటి దారి నేర్చుకున్నాడు కూడా. ఇంకా ఎక్కువ ఉంచాలా? తక్కువ ఉంచాలా? వెంటనే రాయి. ఆయన్ని తీసుకుపోతారు.

ఎలిశబెతు

*

మద్రాసు
ఏప్రిల్ 24

అక్కా,

నా టెలిగ్రాం ఈపాటికి అందే ఉంటుంది. మళ్లీ రాస్తున్నాను. తిండి పెట్టు. అడిగినప్పుడల్లా పెట్టు, అడగకపోయినా పెట్టు. తడికలు ఇవాళే పీకించెయ్యి. చేతికి డాక్టరుచేత కట్టు కట్టించు.

ఆకలి మందు కాదు, అక్కా. దానివల్ల ఏ ఎలుకకూ నయం కాలేదు. ఎలుకకు దారి తెలుసో లేదో అది మాకు నోటితో చెప్పలేదు కాబట్టి, నడిపించి చూడటానికి ఆకలి పెడతాం. అది మా అవసరం, దానిది కాదు. ఈ ముక్క రాయాలని నాకు తోచలేదు. నాతో పనిచేసేవాళ్లందరికీ తెలుసు గనక నీకూ తెలుసనుకున్నాను. నువ్వు ఉపవాసమని రాస్తే లెంతు అనుకున్నాను, నువ్వే ఉంటున్నావనుకున్నాను. చొక్కాలు బిగించానని రాశావు. చదివాను. ప్రొఫెసరుగారు మెచ్చుకున్న సంతోషంలో దాటిపోయాను.

ఇంకోటి. నేర్చుకున్న ఎలుకలు తరవాత ఎలా ఉంటాయని అడిగావు. తీరిగ్గా రాస్తానన్నాను. తీరిక లేక కాదు. అన్నిటినీ చంపుతాం. దారి వచ్చినవాటినీ, రానివాటినీ. మెదడు తీసి, మందునీళ్లలో నానబెట్టి, పలచగా కోసి, రంగు వేసి చూస్తాం. దెబ్బ ఎంత లోతుకు పోయిందో అలాగే తెలుస్తుంది. ముసలిదైన ఎలుకను నేనెప్పుడూ చూడలేదు. ఆ తెలివి నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నీకు ఆశ పోతుందని దాచాను.

నన్ను తిట్టు. కానీ ముందు అన్నం పెట్టు.

కరుణ

*

కొత్తకొఠారు
మే రెండోవారం

కరుణకు,

టెలిగ్రాం అందిన పూటే తడికలు పీకించాను. అన్నం పెడుతున్నాను. చెయ్యి మానుతోంది, ఒళ్లు తేరుకుంటోంది. నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు. తడిక ఇవతల నిలబడింది నువ్వు కాదు.

ఒకటి జరుగుతోంది. నేను పళ్లెం పట్టుకుని వస్తే, కూర్చున్న మనిషి లేస్తాడు. పెరటి గేటు దగ్గరికి వెళ్తాడు. అక్కడి నుంచి మొదలుపెట్టి, కుడివైపు తిరిగి, బావి దగ్గర ఎడమవైపు తిరిగి, మునగచెట్టు దగ్గర మళ్లీ తిరిగి, గడపదాకా వచ్చి అప్పుడు కూర్చుంటాడు. అక్కడ తడికలు లేవు. గుంజల గుంటలు కూడా పూడ్చేశాను. "వద్దు, ఇక్కడే తిను" అని చెయ్యి పట్టుకుంటే వణికిపోతాడు. మస్తానమ్మ పెడితే కూర్చున్నచోటే తింటాడు. నేను పెడితేనే ఇలా.

సోమవారం బావగారు వచ్చారు. వచ్చిన పూటే చూశారు. "ఇదేంటమ్మా, లేని గోడల చుట్టూ తిరుగుతున్నాడే! ఇంకేం చూడాలి నేను?" అన్నారు.

ఊరుకుంటే పిచ్చి అనే పేరు ఆయనకు పడుతుంది. చెప్పేశాను. తడికలూ, ఆకలీ, అన్నీ. ఆయన విని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "మా తమ్ముణ్ణి పస్తులు పెట్టావా? నీ చేత్తో?"

"నా చేత్తోనే, బావగారూ. నయమవుతుందని."

"అయితే పిచ్చాసుపత్రికి ఎవర్ని తీసుకెళ్లాలో నాకు తెలియడం లేదు."

తగిన మాటే అన్నారు. అన్నం వండటానికి కూడా నన్ను లేవనివ్వలేదు, మస్తానమ్మను పిలిచారు. రేపే రైలన్నారు. నేను వాకిలికి అడ్డంగా నిలబడి, "మీరు మాట ఇచ్చారు. గుడి నుంచి ఇంటికి వస్తే ఉండనిస్తానన్నారు. ఒక్కసారి చూడండి" అన్నాను. హెడ్మాస్టరు కదా, ఇచ్చిన మాట దగ్గర ఆగారు. వచ్చే నెల మొదటి ఆదివారం. అప్పటిదాకా ఇక్కడే ఉంటారు. రోజూ తమ్ముడి చెయ్యి పట్టుకుని గుడిదాకా తీసుకెళ్లి, కబుర్లు చెబుతూ తీసుకొస్తున్నారు. నన్ను దగ్గరికి రానివ్వరు. పరీక్ష రోజు కడుపునిండా తినిపించి బయలుదేరదీస్తానని చెప్పారు. "ఆకలి లేకుండా ఇల్లు కావాలనిపిస్తే, అప్పుడది ఇల్లు" అన్నారు.

నువ్వు బావగారికి రాయి. లేని గోడల చుట్టూ తిరగడం పిచ్చి కాదనీ, నేర్చుకోవడమేననీ రాయి. మీ ప్రొఫెసరుగారి చేత సంతకం పెట్టించు.

ఎలిశబెతు

*

మద్రాసు
మే నెలాఖరు

అక్కకు,

ప్రొఫెసరుగారు సంతకం పెట్టనన్నారు. చూడని రోగి గురించి ఏమీ చెప్పలేనన్నారు. నేనే నా పేరుమీద దావీదుగారికి రాశాను. బావ చేస్తున్నది మా గదిలో అయితే నేర్చుకున్న గుర్తుగా రాసుకుంటామని రాశాను. ఒక దారి నేర్చుకున్నవాడు ఇంకోటి నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోనూవచ్చు అని రాశాను. ఒక్కొక్క గూటిలో విడిగా పెట్టినవాటికంటే, పెద్ద గూటిలో మరికొన్నిటితో కలిపి, ఎక్కడానికీ ఆడుకోవడానికీ ఏవేవో పెట్టినవి త్వరగా తేరుకుంటున్నట్టు ఈ మధ్య కనబడుతోంది, అదీ రాశాను. కానీ ఇంకా తేలలేదు.

ఆయన పెట్టిన పరీక్ష నన్ను కలవరపెడుతోంది. కడుపునిండిన ఎలుకను మేమెప్పుడూ దారిలో వదల్లేదు. ఆకలి లేకపోతే అది నడుస్తుందా, నడిస్తే దేనికోసం నడుస్తుంది, నా దగ్గర జవాబు లేదు.

ఆ పెద్ద గూటివాటిని చంపే వంతు వచ్చే వారం. నేనే చేస్తాను. చెయ్యనని నీకు అబద్ధం రాయను.

ప్రార్థిస్తున్నాను. ఉపవాసం లేకుండా.

కరుణ

*

కొత్తకొఠారు
జూన్, మొదటి ఆదివారం సాయంత్రం

ప్రియమైన కరుణకు,

నీ ఉత్తరం బావగారు నిన్న నాకు చదివి వినిపించారు. "'నాకు తెలియదు' అని ఇన్నిసార్లు రాసిన డాక్టరమ్మను ఎక్కడా చూడలేదు" అన్నారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ ఉదయం ఆరాధనకు ముందు ఇడ్లీలు పెట్టించారు, ఆరాధన అయ్యాక అక్కడే మళ్లీ అన్నం పెట్టించారు. మీ బావ ఇక చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు గుడి మెట్ల దగ్గర వదిలి, "ఇంటికి వెళ్లు నాయనా" అన్నారట. తాను చాలా వెనకగా నడిచారు. నన్ను వంటింటి గడప దగ్గర ఉండమన్నారు, వీధిలోకి రావద్దన్నారు. ఏమీ చేతిలో పట్టుకోవద్దని కూడా చెప్పారు.

జరిగింది తరవాత బావగారే చెప్పారు. మర్రిపాడు బాట చీలేచోట ఆగాడట. ఒకవైపు ఉప్పుమళ్లు, సముద్రం. ఇంకోవైపు మన వీధి. సముద్రం వైపు కొంతదూరం నడిచాడట. మస్తానమ్మ పరుగెత్తబోతే బావగారు ఆమె కొంగు పట్టుకుని ఆపారట. "నా కొంగు వొదలయ్యా, ఆయన మునిగిపోతాడు" అని ఆమె గింజుకుంటోంది. "ఉండవమ్మా, ఉండు" అంటూ ఈయన ఏడుస్తున్నారు. మీ బావ నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. వెనక్కి తిరిగాడు.

నాకు ఇవేమీ తెలియవు. గడప దగ్గర నిలబడి ఉన్నాను. పెరటి గేటు చప్పుడైంది. లోపలికి వచ్చి నన్ను చూశాడు. ముఖం కాదు, నా చేతులు చూశాడు. రెండు చేతులూ చాపి ఖాళీగా చూపించాను. అప్పుడు బావి వైపు తిరగలేదు, మునగచెట్టు వైపు తిరగలేదు. పెరడు మధ్యగా, నేరుగా నడిచి వచ్చాడు. గడప మీద, నా పక్కన కూర్చున్నాడు.

బావగారు గేటు దగ్గరే నిలబడి, "ఉండనీ" అన్నారు. రేపు ఆయన ఒక్కరే రైలెక్కుతున్నారు. మస్తానమ్మ రోజూ వచ్చి తినిపించాలనీ, నేను పళ్లెం ముట్టుకోకూడదనీ చెప్పారు. ఒప్పుకున్నాను. సాయంత్రం ఒకసారి, ఇక భయం పోయిందేమోనని పళ్లెం చేతికి తీసుకున్నాను. లేచి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. పళ్లెం మస్తానమ్మకు ఇచ్చి లోపలికి వచ్చేశాను.

తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఆమె ఏదో వాగుతూ ముద్దలు పెడుతోంది. "అయ్యా, పుంజూ, నోరు తెరువు" అంటోంది. ఇంతలో ఆయన గొంతు వినిపించింది, ఎప్పటిలాగే వెతుక్కుంటూ.

"ఆమె తిన్నదా?"

మస్తానమ్మ అడిగింది, "ఎవురు?"

ఆయనకు పేరు రాలేదు.

నేను లోపల నుంచే, "తిన్నాను" అన్నాను. తలుపు సందులోంచి చూస్తే ఆయన చెయ్యి, ముద్ద పట్టుకున్న మస్తానమ్మ చేతిని ఆపి ఉంది. కొంచెంసేపటికి ఆ చెయ్యి తీసి, నోరు తెరిచాడు.

నేను తినలేదు, కరుణా. నీకు నిజమే రాయాలి కదా. ఈ ఉత్తరం అంటించి పెట్టి, వెళ్లి తింటాను.

నీ అక్క
ఎలిశబెతు